తెర మూలన గుర్తు: పేరెవరిది, చానెలెవరిది?

టీవీ చానెళ్ళ పేర్లు, లోగోలు, చేతులు మారిన వైనాల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ముందుగా ఒక్క మాట. చానెల్ పేరు మీద హక్కు ఒకటి, చానెల్ నడిపే కంపెనీలో వాటాలు ఒకటి, ప్రసారానికి కేంద్రం ఇచ్చిన అనుమతి ఒకటి. ఈ మూడూ ఒకరి దగ్గరే ఉండాలన్న నియమం లేదు. వచ్చిన ఉత్తరాల్లోని గందరగోళం చాలావరకు మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల పుట్టిందే.

ప్రశ్న: మా ఇంట్లో తెలుగు ఈటీవీ, కన్నడ ఈటీవీ రెండూ చూసేవాళ్ళం. కన్నడది కలర్స్ అయిపోయింది. తెలుగుది ఇప్పటికీ ఈటీవీనే. ఒకే సంస్థవి కదా, ఒకదాని పేరే ఎందుకు మారింది?
*పాఠకురాలు, బళ్ళారి*

ఒకప్పుడు ఒకే సంస్థవన్నది నిజమే. 1995 ఆగస్టు 27న రామోజీరావు తెలుగు ఈటీవీ మొదలుపెట్టారు. పేరులోని 'ఈ' ఈనాడు పత్రిక నుంచి వచ్చింది. ఆ తర్వాత అదే పేరుతో కన్నడ, మరాఠీ, బంగ్లా, గుజరాతీ, ఒడియా వినోద చానెళ్ళు, ఉర్దూ చానెల్, హిందీ రాష్ట్రాలకు వార్తా చానెళ్ళు వచ్చాయి.

2012 జనవరిలో టీవీ18 సంస్థ ప్రకటించిన ఒప్పందంతో పంపకం జరిగింది. అన్ని చానెళ్ళకూ ఒకే లెక్క వర్తించలేదు, మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. హిందీ, ఉర్దూ వార్తా చానెళ్ళలో నూటికి నూరు శాతం టీవీ18కి వెళ్ళింది. కన్నడంతో సహా ఐదు భాషల వినోద చానెళ్ళలో 50 శాతం వెళ్ళింది. తెలుగు చానెళ్ళలో 24.5 శాతమే వెళ్ళింది. 2,053 కోట్ల రూపాయల ఈ కొనుగోలు 2014 జనవరిలో పూర్తయింది. అదే ఏడాది టీవీ18 మాతృసంస్థ నెట్‌వర్క్18 రిలయన్స్ అధీనంలోకి వచ్చింది. వినోద చానెళ్ళలోని సగం వాటా కలర్స్ చానెళ్ళు నడిపే వయాకామ్18 చేతికి చేరాక, 2015లో ఆ ఐదు చానెళ్ళకూ కలర్స్ పేరు పెట్టారు. వార్తా చానెళ్ళు ఇంకొంతకాలం ఈటీవీ పేరుతోనే నడిచి, 2018 నాటికి న్యూస్18 అయ్యాయి.

అంటే మీరు 2014లో చూసిన కన్నడ ఈటీవీలో సగం అప్పటికే వేరేవాళ్ళది. తెరమీద మాత్రం పాత పేరే ఉంది. వాటాలు ఒక్క సంతకంతో మారతాయి. పేరు మార్చాలంటే ప్రేక్షకుడికి అలవాటు చేయాలి, ప్రకటనదారులకు చెప్పాలి, సమాచార ప్రసార శాఖ దగ్గర రికార్డు మార్పించాలి. అందుకే పేరు ఎప్పుడూ వెనకబడుతుంది. తెలుగులో నాలుగోవంతుకు కాస్త తక్కువే బయటికి వెళ్ళి, పగ్గాలు పాత చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి పేరు జోలికి ఎవరూ వెళ్ళలేదు. 2003 డిసెంబరులో మొదలైన ఈటీవీ2 రాష్ట్ర విభజన తర్వాత ఈటీవీ ఆంధ్రప్రదేశ్ అయింది, పక్కన ఈటీవీ తెలంగాణ వచ్చింది. దానికి కారణం కొత్త సరిహద్దు. అమ్మకంతో దానికి సంబంధం లేదు.

ప్రశ్న: మా చిన్నప్పుడు సప్తగిరి హైదరాబాద్ నుంచి వచ్చేది. ఇప్పుడు హైదరాబాద్‌ది యాదగిరి అంటున్నారు. సప్తగిరిని ఆంధ్రకు ఇచ్చేశారా?
*పాఠకుడు, నిజామాబాద్*

పేరును ఇచ్చారు. ప్రసార కేంద్రం కదల్లేదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. 1990ల్లో తెలుగు ఉపగ్రహ చానెల్‌ను డీడీ-8 అని అంకెతో పిలిచేవారు. 2003లో దానికి తిరుమల ఏడుకొండల పేరు మీద సప్తగిరి అని పెట్టారు. కార్యక్రమాలు తయారయ్యేది మాత్రం హైదరాబాద్ రామంతాపూర్‌లోనే.

2014లో రాష్ట్రం విడిపోయాక తిరుమల ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కనుక సప్తగిరి పేరు విజయవాడ కేంద్రానికి వెళ్ళింది. రామంతాపూర్ కేంద్రం యాదగిరిగుట్ట పేరుతో డీడీ యాదగిరి అయింది. అదే భవనం, ఆ భవనంలోనే పాత టేపులు, పేరు మాత్రం కొత్తది. విజయవాడలో పాత పేరు, కొత్త చానెల్.

ఈ తేడా పట్టించుకోకపోతే పాత కార్యక్రమాల జాబితా రాసేవాళ్ళు తప్పు చేస్తారు. 2008 నాటి నాటకం మీద సప్తగిరి గుర్తు చూసి 'విజయవాడ కేంద్రం నిర్మాణం' అని రాయడం మేము చాలాసార్లు చూశాం. 2014కు ముందు సప్తగిరి గుర్తు ఉంటే ఆ చానెల్ హైదరాబాద్‌దే. నిర్మాణం ఏ కేంద్రానిదో తేలాలంటే చివరి టైటిళ్ళు చదవాలి. యాజమాన్యం విషయంలో మాత్రం ఏ గందరగోళమూ లేదు. ముందు నేరుగా కేంద్ర ప్రభుత్వం, 1997 నుంచి ప్రసార భారతి.

ప్రశ్న: తేజ టీవీని ఎవరు కొని జెమిని మూవీస్ చేశారు?
*పాఠకుడు, గుడివాడ*

ఎవరూ కొనలేదు. రెండు పేర్లూ సన్ నెట్‌వర్క్‌వే. 1995లో మొదలైన జెమిని పేరుకు జనంలో పట్టు ఎక్కువ కాబట్టి మిగతా చానెళ్ళనూ ఆ పేరు కిందికి తెచ్చారు. కన్నడలో ఉషె టీవీని ఉదయ మూవీస్ చేసిందీ ఇదే పద్ధతిలో. పేరు మారినప్పుడల్లా అమ్మకం జరిగిందనుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా టీవీని స్టార్ కొన్నాక ముందు 'స్టార్' చేర్చారు. టీవీ9 చేతులు మారినా పేరు మారలేదు. ఎందుకీ తేడా? అసలు ఒక చానెల్ ఎవరిదో మామూలు మనిషి తెలుసుకోగలడా?
*పాఠకుడు, హనుమకొండ*

మా టీవీ 2002లో మొదలైంది. నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ వంటివారు అందులో భాగస్వాములుగా ఉన్నారు. 2015 ఫిబ్రవరిలో స్టార్ ఇండియా కొంటున్నట్టు ప్రకటించింది. కంపెనీని కాదు, దాని ప్రసార వ్యాపారాన్ని కొన్నది. ఇది గమనించాలి. వాటాలు కొంటే అనుమతి ఉన్న కంపెనీ అలాగే ఉంటుంది, లోపల యజమానులు మారతారు. వ్యాపారం కొంటే అనుమతి ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి బదిలీ కావాలి, దానికి సమాచార ప్రసార శాఖ ముందే ఒప్పుకోవాలి. ఇటువంటి కొనుగోళ్ళు ప్రకటించిన నెలలకుగానీ తేలకపోవడానికి ఇదో కారణం.

'మా' అనే పేరును స్టార్ తీసేయకపోవడం సరైన నిర్ణయమే అంటాం. తమిళంలో విజయ్‌ను స్టార్ విజయ్ చేసినట్టే ఇక్కడా ముందు తన పేరు తగిలించింది. ఇంట్లోవాళ్ళు రిమోట్ అడుగుతూ 'మా పెట్టు' అనే మాటను ఏ కంపెనీ మార్చగలదు!

టీవీ9ది వాటాల కొనుగోలు. దాన్ని నడిపే అసోసియేటెడ్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీలో 90.5 శాతం వాటాను 2018 ఆగస్టులో అలంద మీడియా కొన్నది. కంపెనీ అదే, అనుమతి అదే, పేరూ అదే. కొన్నవాళ్ళకు వేరే చానెల్ పేరు లేదు, ఉన్న పేరు బలమైనది, మార్చాల్సిన పని పడలేదు. ఇంకో సంగతి. వార్తా చానెల్‌లో విదేశీ పెట్టుబడి 49 శాతం దాటకూడదు, అదీ ప్రభుత్వ అనుమతితోనే. వినోద చానెల్‌లో నూరు శాతానికీ దారి ఉంది. బహుళజాతి సంస్థలు వినోద చానెళ్ళను పూర్తిగా కొని, వార్తల జోలికి తక్కువగా రావడానికి ఇదీ ఒక కారణమే.

ఇక రెండో ప్రశ్న. తెలుసుకోవచ్చు, ఓపిక కావాలి. సమాచార ప్రసార శాఖ వెబ్‌సైట్‌లో అనుమతి పొందిన ఉపగ్రహ చానెళ్ళ జాబితా ఉంటుంది. అందులో చానెల్ పేరుకు ఎదురుగా కంపెనీ పేరు దొరుకుతుంది. ఆ పేరుతో కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వెతికితే డైరెక్టర్లు కనిపిస్తారు. కొద్దిపాటి రుసుము కట్టి వార్షిక రిటర్ను, అంటే ఎంజీటీ-7 ఫారం తెరిస్తే వాటాదారుల వివరాలు వస్తాయి. అక్కడ మనుషుల పేర్లకు బదులు మరో కంపెనీ పేరు తగులుతుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ కంపెనీకీ ఇదే పని చేయండి. మనుషుల పేర్లుగానీ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన సంస్థగానీ వచ్చేదాకా పైకి వెళ్ళండి. నమోదైన సంస్థ అయితే మూడు నెలలకోసారి వాటాల వివరం ప్రకటిస్తుంది. చివరగా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో పేరు వెతకండి. అక్కడ యజమానిగా ఇంకో కంపెనీ ఉంటే ఆశ్చర్యపోకండి, పేరును అద్దెకు వాడుకోవడం ఈ రంగంలో మామూలే.

ఇలా పైకి వెళ్తే కొన్ని చోట్ల దారులు కలుస్తాయి. 2024 నవంబరు 14న స్టార్ ఇండియా, వయాకామ్18 కలిసి రిలయన్స్ అధీనంలోని జియోస్టార్ అయ్యాయి. దాంతో ఒకనాటి కన్నడ ఈటీవీ, మన స్టార్ మా ఒకే సంస్థ కిందికి వచ్చాయి. తెలుగు ఈటీవీలోని 24.5 శాతం మాత్రం నెట్‌వర్క్18 వైపు ఉంది. రాత్రి ఎనిమిదింటికి పోటీపడే రెండు తెలుగు చానెళ్ళలోనూ, ఒకదాంట్లో పెద్దగా, ఒకదాంట్లో చిన్నగా, రిలయన్స్ చెయ్యి ఉందన్నమాట. లోగోలు చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: చానెల్ పేరు మారి నెలలైనా మా కేబుల్ బాక్సులో పాత పేరే వస్తోంది. పాత సీరియల్ మళ్ళీ వేసినప్పుడు మూలన మసక ముద్ద ఒకటి కనిపిస్తోంది. రెండూ ఒకే లోపమా?
*పాఠకురాలు, తణుకు*

రెండూ వేర్వేరు. తెరమీద లోగో బొమ్మతో కలిసి వస్తుంది. బాక్సులో పేరు బొమ్మతో సంబంధం లేని అక్షరాల పట్టిక నుంచి వస్తుంది.

లోగోను చానెల్ ఆఫీసులో ఎంసీఆర్ దగ్గర, అంటే ప్రసారం బయటికి వెళ్ళే ఆఖరి గదిలో, బొమ్మ మీద అతికిస్తారు. అక్కడ ఫైలు మారిస్తే ఊరూరా అదే క్షణంలో మారుతుంది. మీ ఊరి కేబుల్ ఆపరేటర్ మాత్రం ఆ సిగ్నల్‌ను డిష్‌తో పట్టి, రిసీవర్ ద్వారా విప్పి, తన మక్స్ అనే యంత్రంలో మిగతా చానెళ్ళతో కలిపి పంపుతాడు. ఏ చానెల్‌కు ఏ నంబరు, ఏ పేరు అన్న పట్టిక అక్కడే తయారవుతుంది. ఎవరో ఒకరు కూర్చుని అక్షరాలు మార్చేదాకా పాత పేరే వస్తుంది. ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ రెండు చానెళ్ళ కింద లెక్క కాబట్టి ఒకదాని పేరు మారి రెండోది మిగిలిపోవడమూ ఉంది. మీరు చేయగలిగింది బాక్సులో ఆటో స్కాన్ ఒకసారి నడపడం. అప్పటికీ పాత పేరే వస్తే బాక్సు తప్పు కాదు, ఆపరేటర్‌కు చానెల్ నంబరుతో సహా చెప్పండి.

మసక ముద్ద సంగతి వేరు. ఏ ఎపిసోడ్‌నైనా లోగో లేకుండా శుభ్రంగా దాచుకోవాలి, లోగో ప్రసారమప్పుడే పడాలి. శుభ్రమైన ప్రతి పోయి, ప్రసారమైన రికార్డింగే మిగిలితే పాత లోగో బొమ్మలో భాగమైపోయి ఉంటుంది. పేరు మారాక దాన్ని చూపలేరు కాబట్టి మసకేసి, పక్కన కొత్తది పెడతారు. నటి ముఖం ఆ మూలకు వచ్చినప్పుడు చెంప సగం కరిగిపోయినట్టు కనిపించేది అందుకే. ఒకసారి బొమ్మలో కలిసిన లోగోను పూర్తిగా తీసే మార్గం లేదు.

ప్రశ్న: మా పట్టణంలో ముగ్గురం కలిసి కేబుల్‌లో లోకల్ చానెల్ నడిపాం. ఊరి పేరు పక్కన 'న్యూస్' చేర్చి పేరు పెట్టుకున్నాం. ఒక భాగస్వామి బయటికి వెళ్ళి అదే పేరు, అదే లోగోతో ఇంకో కేబుల్‌లో మొదలుపెట్టాడు. పేరు మాదేనని ఎలా నిరూపించాలి?
*పాఠకుడు, జగిత్యాల జిల్లా*

ముందు మీ చేతిలో ఏముందో చూద్దాం. ఊరి పేరు, 'న్యూస్' అన్న మాట రెండూ ఎవరి సొత్తూ కావు. ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద స్థలాల పేర్లకు, పనిని చెప్పే మాటలకు అభ్యంతరం వస్తుంది. ఏళ్ళ తరబడి వాడి జనంలో గుర్తింపు తెచ్చుకున్నామని చూపితేనే నిలబడే అవకాశం. కాబట్టి మొదటి ప్రసారం నాటి నుంచి బిల్లులు, ప్రకటనల రసీదులు, కరపత్రాలు, మైక్ లోగోతో రిపోర్టర్లు ఉన్న పాత ఫొటోలు తేదీల వారీగా పోగుచేయండి.

తర్వాత లోగో. దాన్ని ఎవరు గీశారు? జీతం మీద మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఉద్యోగంలో భాగంగా గీస్తే హక్కు మీ సంస్థది. బయటి డిజైనర్‌కు డబ్బులిచ్చి గీయిస్తే, రాతపూర్వకంగా బదిలీ చేయించుకోకపోతే, కాపీరైట్ ఆయన దగ్గరే ఉండిపోతుంది. 'డబ్బులిచ్చాం కదా' అన్నది ఇక్కడ చాలదు. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే 5 ఏళ్ళకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. ఇప్పుడైనా డిజైనర్‌ను కలిసి, పూర్తి కాలానికి అని స్పష్టంగా రాసి సంతకం తీసుకోండి. మీ మాజీ భాగస్వామి కంటే ముందే ఆ పని చేయండి.

లోగోతో కలిపి పేరును ట్రేడ్‌మార్క్‌కు పెట్టడం మూడో పని. ప్రసారానికి 38వ తరగతి, వినోద, వార్తా కార్యక్రమాలకు 41వ తరగతి. టీఎం-ఏ ఫారం ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు తరగతికి 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురితమయ్యాక 4 నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మీ భాగస్వామి ముందే దరఖాస్తు పెట్టి ఉంటే మీరూ ఆ గడువులోనే అడ్డుపడాలి, అది దాటితే పని చాలా కష్టమవుతుంది. నమోదైతే 10 ఏళ్ళు చెల్లుతుంది, మళ్ళీ పునరుద్ధరించుకోవచ్చు. దరఖాస్తు ఒక్కరి పేరు మీద వేయకండి, సంస్థ పేరు మీదే వేయండి. ఈ తగాదాలు చాలావరకు 'నువ్వే వెయ్యి, తర్వాత చూద్దాం' అన్న మాటతోనే మొదలవుతాయి.

చానెల్ వైపునుంచీ ఒక దారి ఉంది. కేబుల్‌లో ఆపరేటర్ నడిపే సొంత చానెళ్ళను కేంద్రం 'ప్లాట్‌ఫాం సర్వీసెస్' అంటుంది. 2022 నవంబరు 30 నాటి మార్గదర్శకాల ప్రకారం చానెల్‌కు ఒకసారి 1,000 రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించాలి. స్థానిక వార్తలు వేస్తే ఆ సంస్థ కంపెనీగా నమోదై ఉండాలి, భాగస్వామ్య సంస్థ సరిపోదు. తెరమీద 'ప్లాట్‌ఫాం సర్వీసెస్' అన్న మాట కనిపించాలి. ప్రసారమైన దాని రికార్డింగు 90 రోజులు దాచాలి. ఒక ఆపరేటర్ కార్యక్రమాన్ని ఇంకో ఆపరేటర్‌తో పంచుకోకూడదు, దేవాలయాల వంటి చోట్ల నుంచి ప్రత్యక్ష ప్రసారానికి మాత్రం మినహాయింపు ఉంది. మీ బులెటిన్లనే ఆయన అవతలి కేబుల్‌లో వేస్తుంటే పేరు తగాదా తేలకముందే ఈ నియమం పట్టుకోవచ్చు. మీ వైపు రిజిస్ట్రేషన్ సరిగా ఉందో లేదో ముందు చూసుకోండి. లేకుండా ఫిర్యాదు చేస్తే ముందు మీ చానెలే ఆగుతుంది. కాగితాలన్నీ పట్టుకుని ట్రేడ్‌మార్క్ పని తెలిసిన లాయరును కలవండి. మామూలు సివిల్ నోటీసుతో సరిపెట్టకండి.

ప్రశ్న: అటక మీద పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లు దొరికాయి. టీవీలోంచి రికార్డు చేసినవి, మీద ఏమీ రాసిలేదు. ఏ ఏడాదివో లోగోను బట్టి చెప్పగలమా? కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?
*పాఠకుడు, విజయనగరం*

లోగోతో ఒక హద్దు వేయగలరు. డీడీ-8 అని ఉంటే 2003కు ముందుది. జెమిని అయితే 1995 ఫిబ్రవరి తర్వాతది, ఈటీవీ అయితే అదే ఏడాది ఆగస్టు తర్వాతది. మా టీవీ ఉంటే 2002కు ముందు కాదు. ఈటీవీ2 ఉంటే 2003 డిసెంబరుకు ముందు కాదు. ఇంకా దగ్గరకు రావాలంటే కార్యక్రమం వదిలి ప్రకటనలు చూడండి. సినిమా విడుదల ప్రకటన, ఎన్నికల ప్రచారం, సబ్బు ధర దొరికితే నెలతో సహా తేలుతుంది. అందుకే ఎక్కించేటప్పుడు ప్రకటనలు కత్తిరించకండి. చానెళ్ళు కూడా దాచుకోనివి అవే.

క్యాసెట్ కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లని పొడి కనిపిస్తే బూజు, దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. బాగున్నవాటి వెన్నున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటే విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏమీ కాదు. ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చేయండి. ఏళ్ళుగా అతుక్కున్న టేపు సర్దుకుంటుంది. గీతలు పరుగెడితే ట్రాకింగ్ బటన్‌తో సరిచేయండి.

వీసీఆర్ వెనక పసుపు, తెలుపు, ఎరుపు వైర్లను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపి, మన దేశంలో వాడిన పాల్ పద్ధతి, 720×576, సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోండి. పరికరం అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో ఉండిపోతే బొమ్మ నలుపుతెలుపులో రావడమో దొర్లడమో జరుగుతుంది. అది చూసి టేపు పాడైందని పారేసేవాళ్ళున్నారు. డీవీ ఫార్మాట్‌లో దాచుకుంటే గంటకు సుమారు 13 జీబీ పడుతుంది. ఈ-180 క్యాసెట్ ఒకటి మామూలు వేగంలో 3 గంటలు, కాబట్టి దానికి 40 జీబీ ఖాళీ ఉంచుకోండి. బొమ్మ అడుగున కొన్ని గీతలు వణుకుతుంటాయి. అవి వీహెచ్‌ఎస్‌లో మామూలే. అంచులు కత్తిరించకండి, లోగో ఉండేది మూలనే. ఫైలు పేరులో చానెల్, మీరు అంచనా వేసిన ఏడాది, ఆ అంచనాకు ఆధారం మూడూ రాయండి. 'ఈటీవీ, 1995-2000, లోగో, సబ్బు ధర' అని ఉంటే పదేళ్ళ తర్వాత తెరిచినవాళ్ళకు ఎందుకు అలా అనుకున్నారో తెలుస్తుంది.